సూదిమందు అందరికిని అందెనా?
దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములలో టీకా పంపకపు చరిత్ర

ఈ శతవార్షిక సంచికలో మన దేవాలయములను గూర్చియు, పాఠశాలలను గూర్చియు, ప్రభువునందు నిద్రించిన దైవజనులను గూర్చియు పెద్దలు వ్రాయుచున్నారు. నేను వ్రాయబూనినది ఒక సూదిని గూర్చి. నూరు సంవత్సరముల చరిత్రలో సూదికి చోటేమని ఎవరైన అడుగవచ్చును. కాని 2021వ సంవత్సరమున మన నగరపు తూర్పు పేటలలో ఏ ఇంటికి వెళ్ళినను వినబడిన మాట ఆ సూదిని గూర్చియే. అది ఎవరికి ముందు అందెను, ఎవరికి వెనుక అందెను, ఎవరి సహాయముతో అందెను అను సంగతులు ఇప్పుడు వ్రాసి పెట్టనియెడల, మన పిల్లలకు అది ఒక కట్టుకథవలె వినబడును.

మొదట స్థలమును గూర్చి కొంచెము చెప్పవలెను. ఎల్.బి.నగర్ అనగా లాల్ బహదూర్ నగర్. అది ఒకప్పుడు ప్రత్యేక పురపాలక సంఘము. ప్రక్కనున్న గడ్డిఅన్నారమును అట్టిదే. 2007 ఏప్రిల్‌లో ఇట్టి 12 పురపాలక సంఘములను నగరములో కలిపి గ్రేటర్ హైదరాబాదుగా చేసిరి. కలిపినది నగరపాలనను మాత్రమే, జిల్లాను కాదు. మలక్‌పేట హైదరాబాదు జిల్లాలో నిలిచెను, ఎల్.బి.నగర్ రంగారెడ్డి జిల్లాలో నిలిచెను. ఒకే రోడ్డు మీద పది నిమిషములు నడచిన మనుష్యుడు ఒక జిల్లా వైద్యాధికారి పరిధిలోనుండి మరియొక అధికారి పరిధిలోనికి పోవును. సామాన్యకాలమందు దీనిని ఎవరును పట్టించుకొనరు. టీకా సీసాలు జిల్లాల వారీగా వచ్చిన కాలములో మాత్రము ఇది పెద్ద సంగతి.

ఇక్కడి జనులు ఎవరు? ప్రభుత్వోద్యోగులు, విశ్రాంత ఉపాధ్యాయులు కట్టుకొనిన కాలనీలున్నవి. వాటి వెనుక సందులలో ఒకటే గది అద్దెకు తీసికొని బ్రతుకు మేస్త్రీలు, ఆటోవారు, ఇంటిపని చేయు స్త్రీలు ఉన్నారు. దిల్‌సుఖ్‌నగరులో శిక్షణ కేంద్రములకు వచ్చి హాస్టళ్ళలో నుండు యువకులు వేలమంది. కొత్తపేటలో గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు ఉండెడిది. వేసవి వచ్చిన మామిడిపండ్ల లారీలతో ఆ రోడ్డు కదలెడిది కాదు. విజయవాడ రహదారి మొదలగునది ఎల్.బి.నగర్ చౌరస్తానుండియే. వచ్చువారు, పోవువారు, నిలుచువారు కలసియుండు ఇట్టిచోట రోగము త్వరగా వ్యాపించును. మందు మాత్రము అంత త్వరగా వ్యాపించదు.

టీకా మన దేశమునకు వచ్చిన విధమును తలచుకొనిన యెడల ఈ న్యాయాన్యాయముల ప్రశ్న క్రొత్తది కాదని తెలియును. ఎడ్వర్డ్ జెన్నర్ దొరగారు 1796లో మశూచికి టీకాను కనిపెట్టెను. 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్టాల్ అను మూడేండ్ల బాలికకు మొదటి టీకా ఫలించెను. ఆమె ఒక సేవకురాలి కుమార్తె. ఆ బాలిక చేతినుండి తీసిన రసమే ఇతర పిల్లల చేతులగుండ పూనాకును, సూరతునకును, హైదరాబాదునకును, మద్రాసునకును పోయెను. ఆ కాలమున మంచుపెట్టెలు లేవు. ఒక పిల్లవాని చేతిమీది పొక్కునుండి మరియొక పిల్లవాని చేతికి, ఎనిమిది దినములకొకసారి, ఇట్లు దారిపొడవున పిల్లల దేహములే మందుసీసాలుగా పనిచేసినవి. 1803లో స్పెయిను దేశమునుండి అమెరికా ఖండమునకు టీకాను తీసికొనిపోయిన ఓడలో అనాథ బాలురు 22 మందిని ఎక్కించుకొనిపోయిరి. గొప్పవారి పిల్లలను ఎవరును అట్లు ఎక్కించియుండరు. టీకాను మోసిన చేతులు బీదలవి. దాని మేలు మాత్రము వారికి ముందుగా అందెనని చరిత్రలో నాకు కనబడలేదు.

తరువాత వంద సంవత్సరములు మన జనులు టీకా అనగా భయపడిరి. మశూచిని అమ్మవారని పిలిచి, వేపమండలు కట్టి, పెట్టుకొనిన మొక్కులు తీర్చుకొనుచుండిరి. అది ఉత్త అజ్ఞానమని కొట్టివేయుట నాకు ఇష్టములేదు. టీకాలు వేయువాడు పోలీసువానితో వచ్చి, చేయి పట్టి గుంజి, కోసి పోయిన కాలమది. పోలీసును వెంటబెట్టుకొని వచ్చినవానిని నమ్మువాడెవడు? 1911లో హైదరాబాదు నగరమును ప్లేగు పీడించినప్పుడును ఇదే కష్టము కలిగెను. రోగులను వేరుచేసి యుంచిన ఆసుపత్రిని జనులు క్వారంటీను అను మాటను తిప్పి కోరంటి దవాఖాన అనిరి. నల్లకుంటలోని ఫీవరు ఆసుపత్రిని మన పెద్దలు నేటికిని ఆ పేరుతోనే పిలుచుచున్నారు. వంద సంవత్సరములైనను ఆ మాట చెరగలేదనగా, ఆనాటి భయమెంతటిదో ఊహించుకొనవచ్చును.

మశూచి మన దేశమును విడిచినది 1975 మే నెలలో. 1980 మే 8న లోకమంతటినుండియు తొలగినదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ప్రకటించిరి. దీనిని సాధించినది జనులందరికిని ఒకేసారి టీకాలు గ్రుచ్చుటచేత కాదు. ఇల్లిల్లును తిరిగి రోగియున్న ఇంటిని కనుగొనుట, ఆ ఇంటిచుట్టునున్నవారికి వెంటనే టీకా వేయుట అను పద్ధతిచేత. రోగిని చూపినవానికి బహుమానము కూడ ఇచ్చిరి. అనగా ఊరివారి నోటిమాట లేక ఆ పని ముందుకు సాగలేదు. 2021లో అధికారులలో కొందరు ఈ పాఠమును మరచి, కంప్యూటరు తెరమీద అంకెలు నిండిన చాలునని తలంచిరేమోయని నాకు అప్పుడప్పుడు అనిపించుచుండెను.

ఇక ధర సంగతి. ఇది మన నగరమునకు గౌరవము తెచ్చిన కథ కనుక కొంచెము నిలిచి చెప్పెదను. కామెర్ల జాతిలోని హెపటైటిస్ బి అను రోగమునకు విదేశములనుండి వచ్చు టీకా 1990 దశాబ్దములో ఒక మోతాదు అనేక వందల రూపాయలు. మూడు మోతాదులు కావలెను. నెలకు వేయి రూపాయలు సంపాదించువాడు ముగ్గురు పిల్లలకు ఎట్లు వేయించును? నెల్లూరు జిల్లానుండి వచ్చిన శ్రీ కె.ఐ. వరప్రసాదరెడ్డిగారు 1993లో హైదరాబాదున తమ తల్లిగారి పేర శాంతా బయోటెక్నిక్స్ అను సంస్థను స్థాపించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయములోను, హబ్సిగూడ వద్దనున్న సి.సి.ఎం.బి. ప్రయోగశాలలోను వీరి శాస్త్రజ్ఞులు పనిచేసిరి. 1997 ఆగస్టులో షాన్‌వాక్ అను టీకాను సుమారు 50 రూపాయల ధరకు బజారులోనికి తెచ్చిరి. వెంటనే విదేశీ సంస్థలును ధరలు తగ్గించుకొనవలసివచ్చెను. 2011 నాటికి ఆ టీకా దేశమంతట ప్రభుత్వ కార్యక్రమములో పిల్లలకు ఉచితముగా దొరకుచుండెను. మందు చవుకగుటయే బీదలకు అందుట కాదు, నిజమే. కాని ధర తగ్గనిదే తక్కిన మాటలన్నియు వ్యర్థము.

మన ప్రాంతమునకు బహు దగ్గరగా జరిగిన మరియొక సంగతిని చాలమంది మరచిపోయిరి. భారతదేశములో పోలియో చివరి రోగి 2011 జనవరిలో కనబడెను. 2014 మార్చి 27న ఈ ప్రాంతమంతయు పోలియో రహితమని ధ్రువపరచిరి. అయినను 2016లో అంబర్‌పేట ప్రాంతపు మురుగునీటి నమూనాలో టీకానుండి పుట్టిన రెండవ రకపు పోలియో క్రిమి కనబడెను. ఎవరికిని రోగము రాలేదు. నీటిలో మాత్రము క్రిమి ఉన్నది. అప్పటికి కొన్ని వారముల క్రితమే, ఏప్రిల్ 25న, దేశమంతట చుక్కలమందులోనుండి ఆ రెండవ రకమును తీసివేసిరి. కనుక చుక్కలు పనికిరావు, సూదిమందే కావలెను. ఆ సూదిమందు లోకమంతట కొరతగా ఉండెను.

అప్పుడు చేసిన ఉపాయము గమనింపదగినది. పూర్తి మోతాదు అర మిల్లీలీటరు. దానిని కండలోనికి గాక చర్మములోనికి ఎక్కించినయెడల ఐదవ వంతు, అనగా 0.1 మిల్లీలీటరు చాలునని శాస్త్రజ్ఞులు అప్పటికే పరీక్షించి తెలిసికొనియుండిరి. ఒక బిడ్డకు సరిపోవు మందును ఐదుగురు బిడ్డలకు పంచవచ్చును. (ఐదు రొట్టెల కథ చెప్పి చెప్పి అలసిన బోధకునికి ఈ లెక్క వినుటకు ఇంపుగా ఉండును.) జూన్ 20 మొదలు వారము రోజులు హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాల ఎంపికచేసిన పేటలలో ఆరు వారములనుండి మూడేండ్ల వయస్సుగల పిల్లలకు ఈ మందు వేసిరి. 3,11,000 మందికి పైగా పిల్లలకు, అనుకొనినవారిలో నూటికి 94 మందికి అందెను. చర్మములోనికి సూది ఎక్కించుట చేయితిరిగిన పని. ఆ పని నేర్చుకొని, ఎండలో వానలో తిరిగినవారు ఏ.ఎన్.ఎం. నర్సులు, ఆశా కార్యకర్తలు. ఇంటికి వచ్చినది వారు, ఇంటియొద్దకు పోవలసిన అవసరము తల్లికి కలుగలేదు. ఈ ఒక్క భేదమే తరువాతి చరిత్రకు తాళపుచెవి.

కోవిడ్ రోగము తెలంగాణలో 2020 మార్చి 2న మొదటిసారి కనబడెను. ఆ నెలాఖరున లాక్‌డౌన్ విధించగానే హాస్టళ్ళు మూతబడి, యువతీయువకులు పెట్టెలతో రోడ్డుమీద పడిరి. పోలీసు స్టేషనులలో పాసులు తీసికొని ఆంధ్రప్రదేశ్ వైపు బయలుదేరినవారు గరికపాడు చెక్‌పోస్టు వద్ద నిలిచిపోయిరి. మే మొదటి వారములో మలక్‌పేట గంజి వ్యాపారులనుండి రోగము వ్యాపించి వనస్థలిపురములో కొన్ని కాలనీలకు కంచెలు వేయవలసివచ్చెను. గుంపు తగ్గించుటకని పండ్ల మార్కెట్టును కోహెడకు తరలించిరి. మే 4న గాలివాన వచ్చి అక్కడ వేసిన రేకుల షెడ్లు కూలిపోయెను. చాలమందికి గాయములు తగిలెను. ఆ సంవత్సరము మనవారు సంఘముల ద్వారా బియ్యము, పప్పు పంచుటలోనే నిమగ్నులైయుండిరి. అది మంచిపనియే. టీకా మాట అప్పటికి ఇంకను దూరముగా ఉండెను.

2021 జనవరి 16న టీకాలు మొదలయ్యెను. గాంధీ ఆసుపత్రిలో రాష్ట్రములోని మొదటి టీకాను ఒక పారిశుధ్య కార్మికురాలికి వేసిరి. ఇది చూచి సంతోషించితిని. 1802లో సేవకురాలి బిడ్డకు ముందు వేసినది పరీక్షకొరకు, 2021లో చీపురు పట్టిన తల్లికి ముందు వేసినది గౌరవముకొరకు. మార్చి 1న 60 ఏండ్లు దాటినవారికిని, ఏప్రిల్ 1న 45 దాటినవారికిని, మే 1న 18 దాటినవారికిని తలుపు తెరిచిరి. తలుపు తెరిచిరిగాని లోపల మందు లేదు. మే నెల మధ్యలో రాష్ట్రమున కొన్ని దినములు టీకాలు నిలిచిపోయెను. రెండవ ఉప్పెన ఉధృతముగా నుండినదియు అప్పుడే. కోవాగ్జిన్ తయారగు శామీర్‌పేట దిక్కున జీనోమ్ వ్యాలీ మన పేటలనుండి ఒక పూట ప్రయాణము కూడ కాదు. బావి ప్రక్కనే ఇల్లు గలవాడు దాహముతో నుండుట అనగా ఇదియే.

మే 1 నాటి క్రొత్త విధానము ప్రకారము తయారైన మందులో సగము కేంద్రమునకు, పావు రాష్ట్రములకు, పావు ప్రైవేటు ఆసుపత్రులకు. డబ్బున్నవాడు పావువంతులోనుండి కొనుక్కొనవచ్చును. జూన్‌లో ప్రైవేటు ధరలకు హద్దు పెట్టినప్పుడు కూడ కోవిషీల్డ్ 780 రూపాయలు, కోవాగ్జిన్ 1,410 రూపాయలు. భార్యాభర్తలకు రెండేసి మోతాదులు లెక్కించుకొనిన యెడల ఆటో నడుపువానికి అది ఎన్ని దినముల సంపాదన? 2021 జూన్ 6న నగరపు పడమటి దిక్కున హైటెక్స్ ఆవరణలో సుమారు 40 వేలమందికి ఒకే దినమున డబ్బు తీసికొని టీకా వేయు పెద్ద ఏర్పాటు జరిగెను. ఆ ఏర్పాటును తప్పుపట్టుట లేదు. వేయించుకొనిన ప్రతివాడును ఒక ప్రమాదమునుండి తప్పించుకొనినవాడే. కాని అదే వారములో తూర్పున టోకెనుల కొరకు జనులు తెల్లవారకమునుపే వరుసలో నిలుచుచుండిరి.

డబ్బుకంటె కఠినమైన అడ్డు మరియొకటి ఉండెను. అది కోవిన్ అను పేరుగల నమోదు పద్ధతి. 18 నుండి 44 ఏండ్లవారు ముందుగా ఫోనులో పేరు నమోదు చేసికొని సమయము తీసికొననిదే టీకా లేదు. తెలుగులో చదువుకొను వీలు జూన్ మొదటి వారమువరకు రాలేదు. ఒక ఫోను నంబరుమీద నలుగురి పేర్లు మాత్రమే. సమయములు తెరిచిన రెండు నిమిషములలో నిండిపోవును. వేగముగల ఇంటర్నెట్టు, చురుకైన వ్రేళ్ళు గలవారు ఎక్కడనో మాదాపూరునుండి మన పేటల కేంద్రములలో చోటు సంపాదించుచుండిరి. దేశపు సుప్రీంకోర్టు 2021 మే 31 నాటి ఉత్తర్వులో ఈ సంగతినే ఎత్తి, ఫోను లేనివాని గతి ఏమని ప్రభుత్వమును ప్రశ్నించెను. జూన్ 21నుండి కేంద్రమే మూడు పాళ్ళు మందు కొని రాష్ట్రములకు ఉచితముగా ఇచ్చు విధానము వచ్చెను. కేంద్రమునకే వచ్చి పేరు వ్రాయించుకొనుటకును వీలు కలిగెను.

దీనికి కొంచెము ముందు, మే 28నుండి, తెలంగాణ ప్రభుత్వము ఒక మంచిపని చేసెను. నలుగురితో కలసి పనిచేయక తప్పనివారికి, వయస్సు ఏదైనను 18 దాటినచో, ముందుగా టీకా వేయుట. గ్యాసు సిలిండర్లు మోయువారు, చౌకదుకాణదారులు, పెట్రోలు బంకులవారు, విలేఖరులు మొదలుపెట్టి, రైతుబజారులలో కూరగాయలు అమ్మువారు, పండ్లు, పూలు, మాంసము అమ్మువారు, క్షౌరశాలలవారు, జూన్ 3నుండి ఆటో, క్యాబు డ్రైవర్లు. నగరపాలక సంస్థవారు మార్కెట్టులకు వచ్చి టోకెనులు ఇచ్చిరి. ఫోను అక్కరలేదు, ఇంగ్లీషు అక్కరలేదు. కొత్తపేట, సరూర్‌నగర్ ప్రాంతములవంటి మార్కెట్టు పేటలకు ఇది గొప్ప మేలు.

కాని వారికి పెట్టిన పేరు ఏమి? సూపర్ స్ప్రెడర్లు. పత్రికలన్నియు అట్లే వ్రాసినవి. రోగమును ఎక్కువగా వ్యాపింపజేయువారని అర్థము. మనము ఇంటిలో కూర్చుండి తినుటకు కూరగాయలు తెచ్చి ఇచ్చినవారికి మనము పెట్టిన పేరది. రోగము వారికి మననుండి అంటినదని ఎందుకు అనరాదు? ఒక పండ్ల బండి తల్లి నన్ను అడిగినది, "అయ్యగారూ, సూది ఎయ్యనీకి పిలుస్తున్నరా, తప్పు చేసినమని పిలుస్తున్నరా?" అని. టోకెను చేతిలో పెట్టుకొని కూడ రెండు దినములు ఆమె వెళ్ళలేదు. మాట మనిషిని ఎంత దూరము తోసివేయునో నేను అప్పుడు చూచితిని. తరువాత ప్రభుత్వ కాగితములలో ఎక్కువ ప్రమాదమునకు లోనగువారు అను అర్థమునిచ్చు మాట వాడిరి; అది న్యాయము.

ఇంకను, జాబితా అనునది పేరున్నవారికే. మార్కెట్టులో చోటున్నవానికి టోకెను వచ్చును. నాలుగు ఇండ్లలో గిన్నెలు తోము స్త్రీ ఏ జాబితాలో ఉండును? గుర్తింపు కాగితమే లేని భిక్షకులు, సంచారులు, వృద్ధాశ్రమములలోనివారు? వీరికొరకు కేంద్ర ప్రభుత్వము మే 6న ఒక పద్ధతి ప్రకటించెను. ఒకరు బాధ్యత వహించి పేర్లు ఇచ్చిన కాగితములు లేకున్నను వేయవచ్చును. మే 27న మరియొకటి: ముసలివారికి, వికలాంగులకు ఇంటికి దగ్గరగా బడిలోనో, కాలనీ హాలులోనో టీకా వేయవచ్చును. రెండును మంచి ఉత్తర్వులు. కాని ఆ బాధ్యత వహించువారెవరు, ఆ హాలు ఇచ్చువారెవరు? ఇక్కడనే కాలనీ సంక్షేమ సంఘములు, మసీదు పెద్దలు, దేవాలయ కమిటీలు, మన సంఘములు పనికివచ్చినవి.

ఈ సహకారము ఎందుకు అవసరమైనదో ఒక చిన్న లెక్క చెప్పును. కోవిషీల్డ్ సీసాలో పదిమందికి మందు. మూత తెరిచిన నాలుగు గంటలలో వాడవలెను, లేనిచో పారవేయవలెను. ముగ్గురే వచ్చినయెడల నర్సమ్మ సీసా తెరువదు. తెరిచిన ఏడుగురి మందు నేలపాలు. కనుక పదిమందిని ఒకచోట, ఒక వేళకు సమకూర్చగలవాడు కావలెను. ఆ పని కంప్యూటరు చేయలేదు. పనిమనుషుల పని వేళలు తెలిసినవాడు, ఏ ఇంటి అవ్వ మెట్లు దిగలేదో తెలిసినవాడు చేయవలెను. మా యౌవనస్థులు ఒక నోటుబుక్కు పెట్టి, సందు సందుకు పేర్లు వ్రాసికొనిరి. మతము అడుగలేదు. తమ ఫోను నంబర్లమీద నలుగురేసి చొప్పున ఎక్కించిరి. దీనిలో చిక్కు తరువాత తెలిసెను: రెండవ మోతాదు కబురు ఆ కుర్రవాని ఫోనుకే వచ్చును, అవ్వకు రాదు. వారిలో ఒకడు ఉద్యోగమునకై వేరు ఊరు పోయినను, అక్కడనుండియే ఆదివారము ఆదివారము ఫోను చేసి ఎవరి తేదీ ఎప్పుడో చెప్పుచుండెను. అప్పటికి కోవిషీల్డ్ రెండు మోతాదులకు మధ్య ఎడము 12 నుండి 16 వారములకు పెంచిరి; అంతకాలము గుర్తుపెట్టుకొనుట చదువుకొనినవారికే కష్టము.

భయమును గూర్చియు వ్రాయవలెను, ఏలయనగా అది మన విశ్వాసుల మధ్యనే తిరిగినది. టీకాలో ప్రకటన గ్రంథమునందలి మృగపు ముద్ర యున్నదని వాట్సాపులో వచ్చిన మాటలను కొందరు నమ్మిరి. ఆ గ్రంథములోని ముద్ర ఎవరిని ఆరాధింతువు అను ప్రశ్నకు సంబంధించినది. రోమా చక్రవర్తి కాలపు శ్రమలు తెలిసినవారికి ఇది కష్టమైన సంగతి కాదు. భుజముమీద వేసిన సూదికి దానితో పొత్తులేదు. ఇది బోధపీఠముమీదనుండి ఒకసారి చెప్పిన సరిపోలేదు. ఇండ్లలో కూర్చుండి, కాఫీ త్రాగుచు, పదిసార్లు చెప్పవలసివచ్చెను. మరికొందరి భయము వేరు: జ్వరము వచ్చిన రెండు దినముల కూలి పోవును. ఇది మూఢనమ్మకము కాదు, లెక్క. ఇట్టివారికి శనివారము సాయంకాలము టీకా వేయించుట మేలని ఒక నర్సమ్మ చెప్పిన సలహా ఏ ప్రసంగముకంటెను బాగుగా పనిచేసెను. అరుదుగా రక్తము గడ్డకట్టు ప్రమాదమున్నదని అడిగినవారికి ఉన్నదనియే చెప్పితిమి. రోగమువలని ప్రమాదము దానికంటె ఎంతో పెద్దదని కూడ చెప్పితిమి. గర్భిణులకు జూలై 2న అనుమతి వచ్చువరకు వారు భయముతోనే గడిపిరి.

ఆగస్టు 23నుండి జరిగిన పని ఈ చరిత్రలో ముఖ్యమైనది. గ్రేటర్ హైదరాబాదు, కంటోన్మెంటు పరిధిలోని 4,846 కాలనీలకు 175 సంచార వాహనములను పంపి, ఇంటి ముందటనే టీకా వేయుటకు పూనుకొనిరి. 2016లో పిల్లలకు చేసినట్లు, మనిషి మందు దగ్గరకు గాక మందు మనిషి దగ్గరకు వచ్చెను. ఒక వాహనము సందు మొదట నిలిచి, ముందుదినమే ఇల్లిల్లు తిరిగిన ఆశా కార్యకర్త పేర్లు చదువుచుండ, ఒంటిగది ఇండ్ల స్త్రీలు చేతులు తుడుచుకొనుచు వచ్చి వేయించుకొని మరల పొయ్యి దగ్గరకు పోయిరి. ఇదే పని మే నెలలో జరిగియుండిన యెడల? మందు లేదు కనుక జరుగలేదు, నిజమే. కాని ఉన్న కొద్ది మందును ఎట్లు పంచిరో కూడ చూచితిమి. 2021 అక్టోబరు 21న దేశములో వంద కోట్ల మోతాదులు పూర్తయినవి. నవంబరులో ఇంటింటికి తిరుగు కార్యక్రమము దేశమంతటను మొదలయ్యెను.

లోకమందును ఇదే కథ పెద్ద అక్షరములతో వ్రాయబడెను. బీదదేశములకు టీకాలు పంచుటకు 2020 ఏప్రిల్‌లో కోవాక్స్ అను ఏర్పాటు చేసిరి. (కోవాగ్జిన్ వేరు, కోవాక్స్ వేరు, మన సంఘములో పెద్దలే తికమకపడిరి.) మన దేశమునుండి పోవలసిన మందు 2021 వసంతకాలమున మన అవసరమునకే చాలక ఎగుమతి నిలిచిపోగా ఆఫ్రికా దేశములు ఎదురుచూచుచు కూర్చుండెను. టీకాల పేటెంటు హక్కులను కొంతకాలము ప్రక్కనపెట్టవలెనని భారతదేశము, దక్షిణాఫ్రికా 2020 అక్టోబరులో కోరగా, ప్రపంచ వాణిజ్య సంస్థవారు 2022 జూన్ 17న, అదియు కొంతమట్టుకే, ఒప్పుకొనిరి. దాదాపు ఇరువది నెలలు. దీనికి భిన్నముగా, టెక్సాస్‌లోని బేలర్ వైద్య కళాశాల శాస్త్రజ్ఞులు పీటర్ హోటెజ్‌గారు, మారియా ఎలీనా బొట్టాజ్జిగారు తాము రూపొందించిన టీకాకు పేటెంటు తీసికొనక, మన హైదరాబాదులోని బయొలాజికల్ ఇ. సంస్థకు ఇచ్చిరి. అదే కార్బెవాక్స్. 2022 మార్చి 16నుండి 12 మొదలు 14 ఏండ్ల పిల్లలకు ఉచితముగా వేసినది ఇదియే. మన ఆదివారపు బడి పిల్లలలో చాలమంది చేతులలో ఉన్నది ఆ మందే; వారికి ఈ సంగతి తెలియదు.

మూడవ మోతాదు సంగతి చెప్పి ముగించెదను. 2022 జనవరి 10న 60 దాటి ఇతర జబ్బులున్నవారికి ఉచితముగా ఇచ్చిరి. ఏప్రిల్ 10నుండి 18 దాటినవారందరికిని అనుమతి ఇచ్చిరిగాని ప్రైవేటు ఆసుపత్రులలో డబ్బు కట్టి వేయించుకొనవలెను. మరల పాత కథయే. జూలై 15నుండి 75 దినములు అందరికిని ఉచితమనిరి. అప్పటికి రోగభయము తగ్గియుండెను, ఉచితమైనను వచ్చినవారు కొద్దిమంది. మా హాలులో వేసిన కుర్చీలు చాలమట్టుకు ఖాళీగానే ఉండెను. వచ్చినవారిలో ఎక్కువమంది ముసలివారు. నోటుబుక్కులో మొదటి పుటలలోనే వారి పేర్లున్నవి.

కొత్తపేట పండ్ల మార్కెట్టు అప్పటికే బాటసింగారమునకు తరలిపోయెను. ఆ ఖాళీస్థలమున పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి నిర్మించుటకు 2022 ఏప్రిల్ 26న నాటి ముఖ్యమంత్రిగారు శంకుస్థాపన చేసిరి. హమాలీలలో కొందరు మార్కెట్టు వెంట వెళ్ళిపోయిరి, కొందరు ఇక్కడనే వేరు పనులు వెదకుకొనిరి. వెళ్ళినవారి క్రొత్త చిరునామాలను మా యౌవనస్థులు పాత పేర్ల ప్రక్కనే, ఎర్రసిరాతో, వ్రాసియుంచిరి.